తలా ఒకటి

"వాగుల సుక్క నీళ్లున్నయో లేవో! బోర్డు మీద బొమ్మ గీసి చెప్తె సదువు రాదా భారతమ్మా?"

పెద్ద టీచరు లక్ష్మీనర్సమ్మ అడిగింది. హన్మకొండలోని ఆ ఆడపిల్లల బడిలో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. కృష్ణ ఒడ్డు నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన సైన్సు టీచరు భారతికి ఆ సంగతి ఇంకా తెలియదు.

"బొమ్మలో చేప ఈదదు కదండీ. నది అంటే నీళ్లొక్కటే కాదు, వాటిని నమ్ముకున్న ప్రాణులన్నీ. పిల్లలు కళ్లారా చూడాలి."

"సరే, నేను గూడ వస్త. ఒక్క జీవమన్న కనవడకుంటె మాత్రం, నేనున్నన్ని రోజులు ఈ పిల్లలు సదువు పేరు మీద గేటు దాటరు."

వాగులో నీళ్లున్నాయో లేదో భారతికీ తెలియదు. అయినా పంతం పంతమే. నేరుగా ఎనిమిదో తరగతికి వెళ్లింది.

"ఆదివారం ఆకేరు వాగుకు వెళుతున్నాం. ఈసారి పాఠం పుస్తకంలో కాదు, ప్రాణమున్నవాటితో. అన్నం డబ్బా, మంచినీళ్లు, తలా ఒక చాప. లేదని వంకలు చెబితే బస్సెక్కనివ్వను."

పిల్లల మొహాలు వెలిగాయి. కట్టమ్మ లేచింది. "చిన్నదైతె నడుస్తదా టీచర్?"

"ఎంత చిన్నదైనా సరే. నడుస్తదా కాదు, ఫరవాలేదా అనాలి."

పాఠం ఎలా పోయినా, పిల్లల మాట దిద్దకపోతే భారతికి అన్నం సహించదు.

బెల్లు కొట్టాక కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి కళావతి బిక్కమొహంతో వచ్చింది. "మా ఇంట్ల ఒప్పుకోరు టీచర్. నాయినమ్మ తిడ్తది."

"ఒక్క పూటకే కదా! మళ్లీ ఇంటికి తీసుకుపోవచ్చు."

"అమ్మో, ఇంటికా!"

"అయితే పక్కింట్లో అడిగి తెచ్చుకో."

చాప దగ్గర కూడా ఇంత పిసినారితనమా అని భారతి లోలోపల నవ్వుకుంది.

ఆదివారం కిరాయి బస్సు కదిలింది. ప్రతి పిల్ల ఒళ్లోనూ గుడ్డ కట్టిన ముంతో, మూతపెట్టిన నూనె డబ్బానో ఉంది.

"వాగుకు పోతూ ఇన్ని నీళ్లెందుకే?"

"మీరే గద తెమ్మన్నరు టీచర్," అంది కట్టమ్మ.

కళావతి తన డబ్బాను చేయి చాచి దూరంగా పట్టుకుని, ముక్కు మూసుకుని కూర్చుంది. పాపం, బస్సు పడదేమోనని భారతి ఒక నిమ్మకాయ ఇచ్చింది. అంతకు మించి ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. చేపల చింతతో రాత్రి కంటి మీద కునుకు లేదు మరి.

వాగును చూడగానే ప్రాణం ఉసూరుమంది. ఎటు చూసినా ఇసుకే. నడుమ మోకాలి లోతు మడుగు ఒక్కటే మిగిలింది. మోకాళ్ల నొప్పుల లక్ష్మీనర్సమ్మను చేయి పట్టి మెల్లగా ఒడ్డు దింపుతోంది భారతి. పిల్లలు ఆగితేనా! ముంతలతో, డబ్బాలతో సహా పరుగెత్తి మడుగు చుట్టూ వంగారు. ఒక్క చేప, ఒకే ఒక్క చేప కనిపించు తల్లీ అని భారతి అడుగడుక్కీ ఆకేరుకు మొక్కుకుంది.

"టీచర్, చాపలు! ఎన్ని చాపలో సూడున్రి!"

"చాపలు కాదే, చేపలు అనాలి," అని అలవాటు కొద్దీ దిద్ది, మడుగులోకి చూసి నోరు వెళ్లబెట్టింది.

బొచ్చెలు, జెల్లలు, కొర్రమట్టలు, వేలెడంత పరకలు. మడుగు కిటకిటలాడుతోంది. అవతలి ఒడ్డున ఒక కొంగ ఎటు ముక్కు పెట్టాలో తెలియక నిలబడిపోయింది. ఇంక భారతికి పట్టపగ్గాల్లేవు. నాచును పురుగు, పురుగును చేప, చేపను కొంగ తింటాయని చేతులు తిప్పుతూ చెప్పింది.

"జానెడు మడుగుల గిన్ని రకాలా!" లక్ష్మీనర్సమ్మ ముక్కున వేలేసుకుంది. "చెరువుల పెంచే బొచ్చె గూడ ఉన్నదేంది?"

"నది ఎవర్నీ కాదనదండీ."

"నాదే తప్పు భారతమ్మా. వచ్చే యేడు గోదారికే తోల్కపోదాం. జర కూసుందాం పా, కాళ్లు గుంజుతానయి."

భారతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఊరొచ్చాక ఇంత సంతోషం ఇదే మొదలు. గర్వంగా పిల్లల వైపు తిరిగింది.

"ఏమే, మేడం గారు ఎండలో నిలబడ్డారు, కనబడట్లేదా? తెచ్చిన చాపలు తీసి పరవండి."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చివరికి కట్టమ్మే ధైర్యం చేసింది.

"నీళ్లల్ల ఇడిసినం గద టీచర్!"