తెర ఆరిపోకుండా

నీళ్ల తగువులు ముదిరి ఏరు సరిహద్దయ్యాక, రెండు ఒడ్లనూ కలపడానికి ప్రభుత్వం నిధులిచ్చి పంచాయతీ అరుగు మీద మైత్రి తెర పెట్టించింది. అవతలి ఒడ్డునున్న అన్న భార్య నాంచారమ్మను తిరపతమ్మ చూసుకునేది అందులోనే. పక్కనున్న యంత్రం మాటలు విని సఖ్యత కొలుస్తుంది: కలిసుంటే పచ్చదీపం, తగువైతే ఎర్రదీపం.

ఆ ఉదయం అధికారి వచ్చాడు. "మీ ఊళ్లు కలిసిపోయాయమ్మా. ఈరోజు కూడా పచ్చదీపం వెలిగితే పథకం పూర్తయినట్టే. తెర పట్టుకెళ్లి తగువులున్న చోట పెడతాం."

"మరి సరిహద్దు తీసేస్తారా బాబూ?"

"అది వేరే శాఖమ్మా."

తెర పోతే తిరపతమ్మకు వదిన ఇక కనబడదు. తెరలో వదిన కనబడగానే అందుకుంది. "ఏమ్మా వదినా, నీ చేతి పులుసు తిని మా అన్న సగమైపోయాడంట! గొడ్లు కూడా ముట్టవు!"

అక్కడా అదే కబురు అందినట్టుంది, నాంచారమ్మ కొంగు బిగించింది. "మీ అమ్మ నేర్పిన పులుసే గదనే అది! ఇంకోసారి నీ మొకం నాకు చూపియ్యకు!"

వదినా మరదళ్ల ఎకసెక్కాలు యంత్రానికేం తెలుసు? ఎర్రదీపం వెలిగింది. అధికారి నిట్టూర్చి, పథకాన్ని ఇంకో ఏడాది పొడిగించి వెళ్లాడు.

తిరపతమ్మ తెర మీద చెయ్యి ఆనించింది. అటు నుంచి వదిన కూడా ఆనించింది. ఒక్కసారి నీ పక్కన కూర్చుని ఆ పులుసన్నం తినాలనుంది వదినా అన్న మాట గొంతుదాకా వచ్చింది. యంత్రం వింటోంది.

"ఛీ, నీ పులుసు ఎవరిక్కావాలి!" అంది, కళ్లు తుడుచుకుంటూ.