ఈ వారం మొసలి

"తిను. మొసలి," అన్నాడు ఓనరు, కంచం ముందుకు తోస్తూ.

కటింగ్ మాస్టరు గుండెల్లో రాయి పడింది. ఎర్రటి కూర పొగలు కక్కుతోంది. ఇంట్లో కోడికూరలో ఎముక కనబడితేనే కంచం పక్కకి నెట్టేసే మనిషి, మొసలంటే మాటలా! పోనీ లేచి పోదామా అంటే వీల్లేదు. ఈ కూర తింటేనే సంచుల కార్ఖానాలో ఫోర్‌మన్ ఉద్యోగం. "మా ఆయన ఫోర్‌మన్ అయిపోయినట్టే," అని ఇంటావిడ అప్పుడే వాళ్ళక్కకి ఫోన్ చేసి చెప్పేసింది కూడా.

ఇలాంటి పరీక్ష ఎక్కడైనా ఉంటుందా అంటారేమో, అక్కడ ఉంది. ఆ కార్ఖానాలో మొసలి తోలుతో, పాము తోలుతో, నిప్పుకోడి తోలుతో ఖరీదైన చేతిసంచులు కుడతారు. తను చెయ్యి వేసిన ప్రతి తోలు తాలూకు మాంసమూ రుచి చూశానని ఓనరు గొప్ప. సోమవారం పొద్దున్నే బల్లల మధ్య తిరుగుతూ, "నిన్న కంగారూ తిన్నానయ్యా! కాస్త గట్టి," అనో, "ఒంటె మూపురం! అచ్చం వెన్నే అనుకో," అనో చెప్పకపోతే ఆయనకి తెల్లవారదు. ఫోర్‌మన్ కావాలనుకున్నవాడు ఆయన ఇంటికి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని తిని తీరాలి. కిందటి వారం కుట్టు మాస్టరు పాము అన్న మాట వినగానే చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తాడు. అందుకే ఈసారి ఓనరు జాగ్రత్తపడి, కటింగ్ మాస్టర్ని గోడవైపు, అద్దాల బీరువాకి వీపు ఆనేలా కూర్చోబెట్టాడు.

"తోలు ముట్టుకుని అసలో నకిలీయో చెప్పలేనివాడు నాకు పనికిరాడు. నాలుకైనా అంతే. తిని, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కటింగ్ మాస్టరు కళ్ళు మూసుకుని ముక్క నోట్లో వేసుకున్నాడు. నమలకుండా మింగేద్దామంటే గొంతు ఒప్పుకోలేదు. చచ్చినట్టు నమిలాడు. అదేమిటి? పళ్ళ మధ్య కిర్రుమంటోంది! ఇంకో ముక్క నమిలాడు. అదే కిర్రు. ఈ కిర్రు అతనికి కొత్తది కాదు. మాంసం సయించని మొగుడికి ఇంటావిడ తరచూ వండిపెట్టేది ఇదే. పుట్టగొడుగులు!

ప్రాణం లేచివచ్చింది. "సార్, ఇది..." అంటూ తలెత్తినవాడు అలాగే ఉండిపోయాడు. ఓనరు వెనకాల, వంటింటి గుమ్మంలో, ఓనరు భార్య చేతిలో గరిటెతోనే అతనికి దండం పెడుతోంది. చెప్పొద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"ఊఁ, ఇది?" అన్నాడు ఓనరు.

"ఇది... కొంచెం వేడిగా ఉందండీ."

ఇంతలో ముందుగదిలో ఫోన్ మోగింది. ఓనరు లేచి వెళ్ళాడు. ఆవిడ గబగబా వచ్చింది.

"నీకు పుణ్యముంటుంది బాబూ, బయటపెట్టకు. ఆయనేమో వారానికో జంతువు పేరు చెప్పి, నన్నే తెప్పించి వండమంటారు. నాకేమో ఆ మాంసాలు ముట్టుకోవాలంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. పుట్టగొడుగులు తెచ్చి మసాలా దట్టించి పెట్టేస్తాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే బాగోతం. తెలిస్తే ఆయన మనసు విరిగిపోతుంది."

"అయితే కంగారూ?"

"అవీ పుట్టగొడుగులే. ఆ రోజు సరిగ్గా ఉడకలేదు."

"మరి ఒంటె మూపురం అమ్మా?"

"అందులో కాస్త వెన్న వేశాను," అంటూ ఆవిడ వంటింట్లోకి మాయమైంది.

ఓనరు వచ్చి కూర్చున్నాడు. కటింగ్ మాస్టరు కంచంలో ముక్కని అటూ ఇటూ తిప్పాడు. ఒకవేళ పుట్టగొడుగులని తెలిసే ఓనరు ఈ పరీక్ష పెట్టాడేమో? తను మొసలి అన్నాడంటే నకిలీని పట్టుకోలేని వెధవాయని ఇంటికి పంపేస్తాడు. పుట్టగొడుగు అన్నాడంటే ఆ మహాతల్లి పరువు ఇక్కడే, ఈ బల్ల మీదే పోతుంది. ఇంటి దగ్గర ఇంటావిడ, ఫోన్‌లో వాళ్ళక్క, అందరూ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలారు.

"ఏమంటావ్?" అన్నాడు ఓనరు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మొసలేనండీ," అన్నాడు కటింగ్ మాస్టరు, ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుని. "తోక దగ్గరి ముక్క అనుకుంటాను. చాలా బాగుంది. అమ్మగారూ, ఇంకొంచెం వడ్డిస్తారా?"

ఓనరు బల్ల మీద అరచేత్తో చరిచి, "రేపట్నుంచి నువ్వే ఫోర్‌మన్‌వి!" అన్నాడు. ఆవిడ వచ్చి కంచం నిండా కూర వడ్డించింది.

భోజనమయ్యాక ఓనరు గేటుదాకా సాగనంపడానికి వచ్చాడు. వెనక్కి తిరిగి ఇంటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇందాక నీ వెనకున్న అద్దాల బీరువాలో వంటింటి గుమ్మం చక్కగా కనబడుతుందయ్యా. ఆవిడ దండం పెట్టడం చూశాను. నువ్వు ఆవిడ పరువు నిలబెట్టడమూ చూశాను. నీలాంటివాడే కావాలి నాకు."

కొత్త ఫోర్‌మన్ నోరు తెరిచాడు. "అంటే సార్... పుట్టగొడుగులని మీకు..."

"మొదటి వారమే తెలిసింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముందు గొప్పకి పోయి, మొసలి తిన్నాను, పాము తిన్నాను అని కోతలు కోశాను. నిజానికి జన్మలో కోడిగుడ్డు దాటి ఎరగను."

"మరి ఆ మాటేదో అమ్మగారికి చెప్పేస్తే ఆవిడకీ బెంగ తీరుతుంది కదండీ?"

ఓనరు హడలిపోయి అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరుకో! నావి ఉత్త కోతలంటే ఆవిడ నమ్మదు. పుట్టగొడుగుల సంగతి నాకు తెలిసిపోయిందని తెలిస్తే, పాపం పిచ్చిది, నా కోసం ఒళ్ళు బిగబట్టుకుని నిజం మొసలే తెచ్చి వండిపెడుతుంది!"