వైరు పీకిన పెద్దాయన

ఎవరో పెద్దాయన లోపలికొచ్చి, టేబుల్ మీది పెట్టె నుంచి వైరు పీకేశాడు.

"అయ్యయ్యో! ఏం చేశారండీ!" ఇంజినీరమ్మ ఒక్క ఉదుటున లేచింది.

అది నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టె. పీకింది బిడ్డ ఒంటి వేడి చెప్పే వైరు. మూడింటికి ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి పట్టుకెళ్తుంది. లోపలి చిప్పుకి కోడు రాసింది ఇంజినీరమ్మే, మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని.

"ఆగిపోయిన ఫ్యాను అటుంది. మీ రిపేరు పని మీరు చూసుకోండి!"

పెద్దాయన ఫ్యాను వైపు చూడనే లేదు.

"వైరు ఊడితే హీటరు ఆగాలి కదమ్మా? చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. చురుక్కుమంది. పచ్చ లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

లోపల బిడ్డ ఉండి ఉంటే? ఆమె చటుక్కున తెర మీద కోడు చూసింది.

"వైరు జవాబు కోసం చూస్తూ కోడు ఆగిపోయిందండీ. అయినా కాపలా టైమరు పెట్టానే! సెకనుకోసారి 'బతికే ఉన్నా' అనకపోతే అది చిప్పుని మళ్లీ మొదలెడుతుంది. హీటరు ఆరిపోవాలి."

"ఆ మాట ఎవరు చెబుతున్నారు?"

"ఇంకో చిన్న టైమరు. దానంతటదే."

"బావుంది! క్లాసులో నిద్రపోయేవాడికి పక్కవాడు హాజరు పలికినట్టు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎంత తెలివితక్కువ పని చేసింది!

"పని ఒక చుట్టు పూర్తిచేసినవాడే ఆ మాట చెప్పాలమ్మా. ఎదురుచూపుకీ ఓ గడువు పెట్టు."

ఆయన వెళ్లిపోయాడు. ఆమె తలెత్తలేదు, మంచినీళ్లు కావాలా అనైనా అడగలేదు. గబగబా నాలుగు లైన్లు మార్చి, వైరు మళ్లీ తగిలించి పీకింది. హీటరు ఆగింది. పదిసార్లు పీకింది, పదిసార్లూ ఆగింది.

మూడింటికి డాక్టరమ్మ కూడా వైరే పీకి చూసింది.

"మా వార్డులో ఇవి రోజూ ఊడతాయి" అని నవ్వుతూ సంతకం పెట్టింది.

ఇంజినీరమ్మ ఊపిరి పీల్చుకుని రిసెప్షన్‌కి పరిగెత్తింది.

"ఆ ఫ్యాను మెకానిక్ ఎవరు? మళ్లీ పిలిపించు, ఆయనకి దణ్ణం పెట్టాలి."

రిసెప్షన్ అమ్మాయి తెల్లబోయింది.

"ఫ్యాను వాళ్లనెవర్నీ పిలవలేదే. ఆ పెద్దాయన మీ పక్క సీటు ఉద్యోగానికి వచ్చారు మేడమ్. వద్దన్నారని చెప్పాక, పోతూ పోతూ మీ గదిలోకి తొంగిచూశారు."

"వద్దన్నదెవరు?"

"మీరే మేడమ్, ఫోన్లో వయసు వినగానే 'ఇప్పుడు ఆయనకి మనమేం నేర్పుతాం, పంపించెయ్' అన్నారుగా... నంబరు రాసి ఉంచాను, కలపనా?"