బండి కింద మనిషి

షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల కారు కింద నుంచి రెండు కాళ్ళు కనబడుతున్నాయి.

బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి.

“మనకంటే ముందే ఎవడో దిగబడ్డాడు,” అన్నాడు బావ, టైలరమ్మ చెవిలో.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఈ పాత స్పోర్ట్స్ కారు ప్రకటనను కత్తిరించి వారం రోజులుగా కుట్టుమిషను సొరుగులో దాచుకుంది ఆవిడ. ఇరవై ఏళ్ళుగా తన మిషన్లు తనే విప్పి బిగించుకుంటున్న మనిషి. జీవితంలో ఒక్క కారునైనా అలా విప్పి, మళ్ళీ నడిపించాలని కోరిక. ఇంట్లో అంతా పగలబడి నవ్వారు. ఇది గనక మూలపడితే మళ్ళీ కారు మాట ఎత్తనని అక్క ముందే ఒట్టు వేయించుకుంది.

ప్రకటనలోని నెంబరుకి ఫోను చేస్తే ఎత్తిన అమ్మాయి తెగ హడావుడిలో ఉంది. “షెడ్డు తలుపు తీసే ఉంటుందండీ, చూసుకోండి. నచ్చితే వీధి చివర మందుల షాపుకి రండి, కౌంటరులో ఉంటాను,” అని పెట్టేసింది.

కాళ్ళు కదిలాయి. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకున్న ఓ పెద్దాయన అట్టముక్క మీంచి లేచి మోచేతులు దులుపుకున్నాడు.

“బండి కోసమేనా? రండి రండి. నేర్చుకునేది ఎవరు?”

“నేనేనండీ.”

ఆయన గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు. “తలుపు కింద ఆనించు తల్లీ.”

ఆనించింది. ఊడి కింద పడింది.

“అక్కడ ఇనుము లేదు, చిల్లుకి పూసిన పుట్టీ ఉంది. తుప్పు తినేసింది. పైరంగు చూసి మోసపోకు.”

టైలరమ్మకు తెలియని సంగతేం కాదు. చిరిగిన చోట పైన లేసు కుట్టి కప్పేసినట్టే.

ఆయన బానెట్ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడు. చూస్తున్నట్టు లేదు, తడుముతున్నాడు.

“బ్రేకు పైపు తుప్పుతో గరుగ్గా ఉంది. మార్చకుండా వీధిలోకి తేకు. మూడో గేరు పళ్ళు అరిగాయి, వేసినా నిలవదు. ఇంజను మాత్రం బంగారం.”

“మొదటిసారి పనిచేసేవాళ్ళకి ఇది పనికొస్తుందాండీ?”

“పక్కన తెలిసినవాడుంటే దీన్ని మించింది లేదు. ఒంటరిగా అయితే వద్దు తల్లీ. ఉండండి, టార్చి తెస్తాను, కింద కూడా చూద్దురుగాని.”

ఆయన గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళాడు.

“చూశావా మరదలా?” అన్నాడు బావ. “బండి నిండా వంకలే ఉన్నట్టు చెప్పి, మనల్ని సాగనంపి, తను తన్నుకుపోదామని ఎత్తు. ఇంజను బంగారమని నోరు జారాడు!”

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకు ఒక కోరిక దగ్గరికొస్తే ఇదా?

“పద బావా, మందుల షాపుకి.”

అరగంటలో బేరం అయిపోయింది. కాగితాల మీద సంతకాలన్నీ ముందే పెట్టి ఉన్నాయి. కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉంటే ఆ అమ్మాయికి తలెత్తే తీరికే లేదు.

లారీ తీసుకుని షెడ్డుకి తిరిగొచ్చేసరికి పెద్దాయన టార్చి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

“కొనేశారా? మంచిది.” బానెట్ మీద చెయ్యి వేశాడు. “ఓ మాట చెప్పనా తల్లీ? దీన్ని ఇక్కడే ఉంచు. ఓ ఆరు నెలలు ఆదివారాలు రా. ఒక్కో ముక్కా నీ చేతే విప్పిస్తాను.”

బావ ముసిముసిగా నవ్వాడు. “ఇంకా ఆశ చావలేదు,” అని గొణిగాడు.

“అక్కర్లేదండీ,” అంది టైలరమ్మ. “మా బండి, మా తిప్పలు మేం పడతాం.”

లారీ ఎక్కించేటప్పుడు వెనక నుంచి పెద్దాయన కూడా ఓ చెయ్యి వేశాడు. “బ్రేకు పైపు మర్చిపోకు,” అన్నాడు, బండి కదిలాక.

ఆ ఒక్కటీ ఆవిడ మర్చిపోలేదు. ఇంటికెళ్ళగానే ముందు ఆ పైపే విప్పింది. చేతిలో రెండు ముక్కలైంది.

తలుపు కింద పుట్టీ రాలితే అరచెయ్యి పట్టేంత చిల్లు తేలింది.

నాలుగు నెలలు కిందామీదా పడి గేరుబాక్సు మూత తీసింది. మూడో గేరు పళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

టైలరమ్మ చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. నడిపి చూడకుండా ఈ సంగతి ఆయనకెలా తెలిసింది?

గేరు ఊడి రావడం లేదు. రెండు వారాలు తంటాలు పడింది. అక్క రోజూ గుమ్మంలోంచి తొంగిచూసి, ఒట్టు గుర్తుందా అన్నట్టు నవ్వి వెళుతోంది. చివరికి సిగ్గు విడిచి మందుల షాపు అమ్మాయికి ఫోను చేసింది.

“ఆ రోజు మాకంటే ముందొచ్చి, బండి కింద పడుకుని చూసిన పెద్దాయన నెంబరు మీ దగ్గరుందాండీ? ఆయన కూడా కొనడానికి వచ్చారు. పాపం, నేను కాస్త దురుసుగా మాట్లాడాను.”

“మీకంటే ముందు ఎవరూ రాలేదే.”

“ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు...”

అవతల ఎవరో మందులు అడుగుతుంటే ఆ అమ్మాయి ఆగమంది.

“ఆయన అక్కడ ఉంటారని మీకు చెప్పనేలేదా నేను?” అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. “ఆయన మా నాన్న, ఆ బండి ఆయనదే, చూపు మొత్తం పోయేలోపు పని నేర్చుకునే మనిషి ఎవరైనా దొరుకుతారేమోనని ఆ ప్రకటన వేయించింది కూడా ఆయనే, పోయిన నెల ఆ కాస్త చూపూ పోయిందండీ.”