గుమ్మంలో పెట్టిన పీసు

అమ్మిన సరుకు ఎక్కిన బస్సు అమ్మినవాడు ఎక్కకూడదని స్పీకర్ల వ్యాపారికి ఆ సాయంత్రం తెలిసొచ్చింది. షాపు కట్టేసి ఇంటికి బయల్దేరినవాడు సీట్లో ఇంకా సర్దుకోనేలేదు, ముందు వరుసలోంచి ఒక మొహం వెనక్కి తిరిగింది.

"మీరేనా అన్నా? మంచిపనైంది. దీన్ని ఎలా పెట్టాలో చూపిద్దురుగాని."

అరగంట క్రితం బస్టాండు పక్కన అతని షాపులో చేతి స్పీకరు కొనుక్కెళ్ళిన దర్జీ ఆవిడ. ఆస్పత్రిలో ఉన్న అక్క దగ్గరికి పోతోందట. చెవిలో పాట పడితే గాని ఆ అక్కకి ముద్ద దిగదట. ఇదంతా ఆవిడ షాపులోనే చెప్పింది. అప్పుడతను వినలేదు, ఆవిడ చూపు ఎటుందో మాత్రం కనిపెట్టుకున్నాడు. ఆ రకంలో కొత్తది ఒక్కటీ మిగల్లేదు. కాళ్ళతో నడిచొచ్చిన గిరాకీని పక్క షాపుకి పంపడమంటే మన కంచంలో ముద్ద పక్కవాడి కంచంలో వేయడమే. అందుకని ఆరు నెలలుగా గుమ్మంలో ఎండకి ఎండి, అతని ఫోన్లో రికార్డు చేసిన పిలుపుతో పొద్దస్తమానం గిరాకీని కేకేసే పీసునే గుడ్డతో తుడిచి, కొత్త అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి చేతికిచ్చాడు.

ఆవిడ పక్క సీటు పెద్దాయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడట. పెట్టె విప్పగానే స్పీకరు అందుకుని జాలీ మీద వేలు రాశాడు. వేలికి దుమ్మంటింది.

"తల్లీ, పెట్టె కొత్తదే. లోపలున్నది మాత్రం ఎండలో ఊరేగి వచ్చినట్టుంది."

వ్యాపారి ఫోన్ తీసి, అందులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

దర్జీ ఆవిడకి కోపం వచ్చింది, అతని మీద కాదు. చూడకుండా ఒకరి మీద నింద వేయకూడదని పెద్దాయన్నే కసిరింది. ఆ షాపు ముందు నుంచే రోజూ పనికి నడుస్తాననీ, గుమ్మంలో వినపడే మాట వినీ వినీ గురి కుదిరాకే షాపులో అడుగు పెట్టాననీ నలుగురికీ వినపడేలా చెప్పింది. అంతకన్నా ఆవిడ తిట్టినా బాగుండేది. తిట్టుకి తిట్టు చెల్లు. నమ్మకానికి ఏమిచ్చి చెల్లు పెట్టాలో అతనికి తెలిసిన లెక్కల్లో లేదు.

పొరపాటైందమ్మా, రేపు కొత్తది ఇస్తానంటే సరిపోతుంది. పోయేది ఒక పీసు. కానీ బస్సులో సగంమంది ఆ షాపు ముందు నుంచి నడిచేవాళ్ళే. పీసు పోతే ఇంకొకటి తెప్పించుకోవచ్చు. పేరు ఎక్కణ్ణుంచి తెప్పిస్తాడు?

"నీ నోటితో నువ్వే చెప్పు బాబూ," అన్నాడు పెద్దాయన. "ఇది కొత్తదేనా?"

"చెప్పన్నా. ఈయన నోరు మూతపడుతుంది," అంది ఆవిడ.

కండక్టర్ కూడా టిక్కెట్లు కొట్టడం ఆపి చూస్తున్నాడు. వ్యాపారి ఆవిడ కళ్ళలోకి చూడలేక, ఆవిడ ఒళ్ళో ఉన్న ఖాళీ పెట్టెకి చెప్పుకున్నట్టు చెప్పాడు.

"సీలు విప్పని సరుకమ్మా. దానికి గాలి కూడా తగల్లేదు."

"విన్నారుగా?" అని ఆవిడ పెద్దాయన చేతిలోంచి స్పీకరు లాక్కుని, పందెం గెలిచినంత ధీమాగా మీట నొక్కింది.

రోజూ పొద్దున్నే షాపు తెరిచినప్పటిలాగే, యజమాని చేతిలో ఉన్న ఫోన్‌ని అది దానంతటదే గుర్తుపట్టి, అతని గొంతుతోనే బస్సంతా మోగేలా అందుకుంది: "రండమ్మా రండి! వాడిన సరుకు అంటగట్టడం మా ఇంటా వంటా లేదు!"