బెరడు మీద మచ్చ

నాలుగో రోజు కూడా ఆ పెద్దాయన ఫెన్స్ అవతల నిలబడి లోపలికే చూస్తున్నాడు.

బిందుమాధవికి ఒళ్ళు మండింది.

సిడ్నీ శివారు టూంగాబీలోని తన ఇంట్లోనే ఆమె ఫ్యామిలీ డే కేర్ నడుపుతోంది. నలుగురు పిల్లలు, అందరూ ఐదేళ్ళ లోపు వాళ్ళే. మూల ఇల్లు కావడంతో పెరడంతా రోడ్డు మీంచి కనిపిస్తుంది. పిల్లలు మేపుల్ చెట్టుకు కట్టిన ఉయ్యాల దగ్గర ఆడుకుంటున్నారు.

"ఎవరు కావాలి?" ఇంగ్లీషులో అడిగింది.

"తెలుగువాళ్ళలా ఉన్నారు. నా పేరు సుబ్బరాజండి, పక్క వీధే. ఆ చెట్టుకి బెరడు రోగం పట్టిందమ్మా. ఉయ్యాల కట్టిన కొమ్మకే."

ఆమె తిరిగి చూసింది. చెట్టంతా పచ్చగా ఉంటే ఆ కొమ్మ ఒక్కటే ఎర్రగా మెరుస్తోంది. అందంగా ఉందని మొన్ననే ఫోటో కూడా తీసుకుంది.

"ఇంకా ఫిబ్రవరి, ఇక్కడ ఎండాకాలమేనమ్మా. మేపుల్ ఆకులు ఎర్రబడేది ఆకురాలే కాలంలో. ఇప్పుడే ఎర్రబడితే అది అందం కాదు, జబ్బు. కొమ్మ మొదట్లో బెరడు లోపలికి గుంటపడింది, నల్లగా రసం కారుతోంది. ముందు ఉయ్యాల తీసేయండి."

"చెట్లు కొట్టే బిజినెస్సా మీది?"

"కాదమ్మా."

"మరి మీకెందుకు అంకుల్? పిల్లలుండే చోట ఇలా నిలబడి చూస్తుంటే పేరెంట్స్ కంప్లెయింట్ ఇస్తారు. నా లైసెన్స్ పోతుంది."

"నిజమేనమ్మా," అన్నాడు. అన్నాడే కానీ కదల్లేదు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఉయ్యాల తీశారా అమ్మా?"

ఆమె ఫోన్ పైకెత్తి చూపించింది. "పోలీసులకి చెప్పమంటారా?"

సుబ్బరాజు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఫెన్స్ మీంచి అందించాడు.

"ఇంక రానమ్మా. ఇది మాత్రం చదవండి. వెనకాల నా అడ్రసుంది."

చదవకుండానే ఆమె దాన్ని వంటింటి సొరుగులో పడేసింది. అన్న మాట ప్రకారం ఆయన మళ్ళీ రాలేదు.

రెండు వారాల తర్వాత, ఓ శనివారం, ఉయ్యాల తాడు బిగిస్తుంటే బెరడు అట్టలా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

కింద చెక్క పచ్చగా లేదు. గోధుమరంగులో, మెత్తగా ఉంది. అంచు పొడవునా ఆవగింజలంత నారింజ చుక్కలు.

ఆమెకు సోమవారం వచ్చే నలుగురు పిల్లలూ కళ్ళ ముందు మెదిలారు. ఉయ్యాల అప్పటికప్పుడే విప్పేసింది. లోపలికెళ్ళి కాగితం తీసింది.

'వాన లేని రోజు చూసి కోయించండి. మచ్చ దగ్గర కాదు, దాని కింద చెక్క బాగున్న చోట. ప్రతి కోతకీ రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి. గాయానికి రంగు పూయొద్దు, దానంతటదే మానుతుంది. కోసిన కొమ్మలు పెరట్లో ఉంచొద్దు. మొదలుకి ఆనుకున్న మల్చ్, అదే పరిచిన చెక్కపొట్టు, వెనక్కి లాగండి. కాండం బాగుంది. చెట్టుని కొట్టేయొద్దు.'

సోమవారం పిల్లల్ని ఇంట్లోనే ఉంచి, చెట్లు కోసేవాణ్ణి పిలిపించింది. తెగి పడిన కొమ్మలో సగానికి పైగా కుళ్ళిపోయి ఉంది.

"గట్టి గాలి ఒక్కటి వస్తే చాలు, విరిగేది," అన్నాడతను. "చెట్టు మొత్తం తీసేయనా? నీకు గొడవ వదిలిపోతుంది."

"వద్దు. కాండం బాగుంది. నేను చూసుకుంటాను."

వెంటనే సుబ్బరాజు ఇంటికి వెళ్దామనుకుంది. పోలీసులకి చెప్తానని బెదిరించిన నోటితో ఏం చెప్పాలి? చెట్టు కోలుకున్నాక, ఆయన్ని తీసుకొచ్చి చూపించి, అప్పుడు క్షమాపణ చెప్పుకుందామనుకుంది.

పట్టుబట్టి పని చేసింది. చలికాలమంతా వారం వారం ఒక్కో కొమ్మా తడిమి చూసింది. రెండు చిన్న కొమ్మల మీద మళ్ళీ మచ్చలు కనిపిస్తే, స్పిరిట్ సీసా పక్కన పెట్టుకుని తనే కోసింది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

సెప్టెంబరులో, అక్కడ వసంతం మొదలవగానే, చెట్టు నిండా చిగురు వచ్చింది. కోసినచోట చుట్టూ కొత్త బెరడు ఉంగరంలా మూసుకొస్తోంది.

సున్నుండలు చేసి డబ్బాలో పెట్టుకుని పక్క వీధికి వెళ్ళింది. సుబ్బరాజు కోడలు ఉదయశ్రీ తలుపు తీసింది.

"మావయ్యగారు జూన్‌లోనే పోయారండి. హార్ట్ ఎటాక్."

బిందుమాధవి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. జరిగిందంతా చెప్పింది. పోలీసుల మాట కూడా దాచలేదు.

"మా పిల్లల్ని కాపాడారండి ఆయన. చెట్ల గురించి అంత తెలిసిన మనిషి... ఎక్కడైనా ప్రొఫెసర్‌గా చేశారా?"

ఉదయశ్రీ తనూ వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది.

"రాజమండ్రిలో పోస్ట్‌మాస్టర్‌గా చేశారండి, చెట్ల గురించి ఏమీ తెలీదు... రెండేళ్ళ క్రితం పార్కులో కొమ్మ విరిగిపడి మా పాప గీతిక పోయాక, అరవై తొమ్మిదో ఏట, లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్కటీ నేర్చుకున్నారు."