మనిషికి మూడు లీటర్లు

"రోజూ మధ్యాహ్నం యాడికి పోతాండావు నువ్వు?"

ఆఫీసరు గిరిబాబు మెమో కాగితాన్ని బల్ల మీదికి విసిరాడు. వసంతమ్మ దాన్ని ముట్టుకోలేదు.

ఇది మూడో మెమో. జవాబు రాయకపోతే సస్పెన్షనే. భర్త పోయాక ఆయన స్థానంలో ఇచ్చిన జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం అది. ఇదీ ఊడితే ఇద్దరు పిల్లలతో వీధిన పడాల్సిందే.

"ఇంటికి పోతాండాను సార్."

"డ్యూటీ టైములో ఇంట్లో ఏం పని? ఎవరుండారు ఆడ?"

ఆ అడిగిన తీరుకు పక్క సీట్లలో మగవాళ్లెవరో కిసుక్కుమన్నారు. ఆ ఆఫీసులో ఆడమనిషి ఆమె ఒక్కతే. వసంతమ్మకు ఒళ్లు మండింది.

"అది కాగితం మీద రాసేది కాదు సార్."

"రాయకుంటే ఇంట్లోనే ఉండు. శాశ్వతంగా!"

గిరిబాబు ఇవాళ మరీ రెచ్చిపోవడానికి కారణముంది. పుంగనూరులో కిందటేడు, అంటే 2007లో, కట్టిన ఈ ఆఫీసు కరెంటూ నీళ్లూ ఆదా చేసే హరిత భవనాల్లో జిల్లాకే మొదటిదని ఆయన చెప్పుకోని రోజు లేదు. దానికి అవార్డు ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి ఇంజనీరు సాయికుమార్ పొద్దున్నే వచ్చి మీటర్లన్నీ చూస్తున్నాడు. సరిగ్గా ఆ ఇంజనీరు కళ్ల ముందే వసంతమ్మ గేటు దాటి వెళ్లి, ముప్పావుగంటకు తిరిగొచ్చింది.

అంతలో సాయికుమారే లోపలికి వచ్చాడు.

"కరెంటు వాడకం బాగా తగ్గింది. నీళ్ల లెక్కే నమ్మబుద్ధి కావడం లేదు. మనిషికి రోజుకు ఇరవై లీటర్లు అనుకున్నాం. మూడు కూడా దాటలేదు! మీటరు రెండుసార్లు పరీక్షించాను. బాగానే ఉంది."

గిరిబాబు మొహం చేటంత అయింది.

"అంతా మన క్రమశిక్షణ సార్. నీళ్లు పొదుపు చేయమని దినామూ చెప్తాంటాను."

తర్వాత వసంతమ్మ వైపు తిరిగి పళ్లు నూరాడు.

"సూడు! అందరూ ఆఫీసుకు పేరు తెస్తాండారు. నువ్వొక్కదానివే పరువు తీస్తాండావు. సార్ ముందరే చెప్పు, ఇంటికి యాల పోతాండావు?"

ఇన్నాళ్లూ నోరు నొక్కిన సిగ్గు వసంతమ్మకు ఆ క్షణాన పోయింది. ఆమె ఆఫీసరు వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ఇంజనీరుతోనే అంది.

"అవార్డు వచ్చేదాకా కొత్తగా ఉండాలని ఈయప్ప బాత్రూములన్నిటికీ తాళాలేసి పెట్టినాడు సార్, మగోళ్లంటే గోడ సాటుకు పోతాండారు, నేను ఇంటికి కాక యాడికి పోవాల?"